గుత్తి తాలూకా బోర్డు నుండి వజ్రకరూరు మండలము వరకు : నడిమి పాలనావిభాగపు చరిత్ర

గ్రామమునకును జిల్లాకును నడుమ ఒక పాలనావిభాగము ఉండుట మన దేశమున అతిప్రాచీనమైన ఏర్పాటు. ఆ విభాగము పేరును, పరిమాణమును, అధికారమును కాలానుగుణముగా మారుచు వచ్చినవి. అనంతపురము జిల్లాలోని వజ్రకరూరును దృష్టాంతముగా గైకొన్నచో ఈ మార్పు స్పష్టముగా గోచరించును. ఇది నూరేండ్లకు పైగా గుత్తి తాలూకాలోని గ్రామము. బ్రిటిషు వారి కాలమున తాలూకా బోర్డు ఏలుబడి చూచినది. 1959 తరువాత పంచాయతీ సమితి ఏలుబడి చూచినది. 1985 మొదలు తానే ఒక మండలమునకు కేంద్రమైనది. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు, మెట్టచేలు కదలలేదు. వానిపై గీచిన గీతలు మాత్రమే మారినవి.

ఈ మార్పులను కేవలము పేర్ల పట్టికగా చూచిన ప్రయోజనము స్వల్పము. ప్రతి విభాగమును రెండు ప్రశ్నలతో పరీక్షింపవలెను. దానికి అప్పగింపబడిన కర్తవ్యమేమి? ఆ కర్తవ్యమును నిర్వహించుటకు దానికున్న కోశమేమి? ఈ రెండును ఒకచోట కలిసియున్నంతకాలము నడిమి విభాగము గ్రామమునకు ఉపకరించినది. విడిపోయినప్పుడు అది పేరునకు మాత్రమే మిగిలినది. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ పీఠభూమిలో ఈ ప్రశ్నలు కేవలము శాస్త్రచర్చలు కావు. తెగిన చెరువుకట్టను ఎవరు పూడ్చవలెను, ఎండిన బావిని ఎవరు లోతుచేయింపవలెను అనునవియే ఆ ప్రశ్నల రూపాంతరములు.

శాస్త్రములందును శాసనములందును నడిమి విభాగము

మనుస్మృతి సప్తమాధ్యాయమున ఒక గ్రామమునకు, పది గ్రామములకు, ఇరువదింటికి, నూటికి, వేయింటికి అధిపతులను నియమింపవలెనని విధింపబడినది. గ్రామమున పుట్టిన దోషమును గ్రామాధిపతి తాను చక్కబెట్టలేనప్పుడు పది గ్రామముల అధిపతికి తెలుపవలెను. అతడు తన పైవానికి తెలుపవలెను. అచ్చటనే ఆ అధిపతుల జీవనమునకు భూమి, గ్రామము, పురము అను క్రమమున వృత్తులు కూడ చెప్పబడినవి. అనగా స్మృతికారుడు అధికారమును చెప్పిన వెంటనే దానికి ఆధారమైన వృత్తిని కూడ చెప్పినాడు. ఇది గమనింపదగిన విషయము.

కౌటిలీయము రెండవ అధికరణమున పది గ్రామములకు సంగ్రహణము, ఇన్నూటికి ఖార్వటికము, నన్నూటికి ద్రోణముఖము, ఎనిమిదివందలకు స్థానీయము అను కేంద్రములు నిర్దేశింపబడినవి. ఆ సందర్భముననే సేతుబంధమును గూర్చిన నియమము కలదు. అందరును కలిసి కట్టుకొను చెరువుపనికి తాను రానివాడు తన పనివాండ్రను, ఎద్దులను పంపవలెను. వ్యయములో పాలు పంచుకొనవలెను. ఫలములో మాత్రము వానికి భాగము లేదు. స్థానికపు పన్ను అను భావమునకు ఇంతకంటె స్పష్టమైన మూలము దొరకుట అరుదు.

ఇవి గ్రంథములలోని ఆదర్శములే యని తలచువారికి గుత్తి పరిసరములలోనే శిలాసాక్ష్యము కలదు. గుత్తికి సమీపమున, నేటి కర్నూలు జిల్లాలో నున్న ఎర్రగుడి వద్ద అశోకుని శాసనములు కలవు. అందలి లఘుశిలాశాసనమున రజ్జుకునకు ఆజ్ఞ ఇయ్యవలెననియు, రజ్జుకుడు జానపదులకు ఆజ్ఞ ఇయ్యవలెననియు ఆదేశమున్నది. రజ్జువనగా త్రాడు. భూమిని త్రాటితో కొలుచు అధికారియే రజ్జుకుడని పండితులు వివరింతురు. రాజునకును గ్రామీణునకును నడుమనున్న అధికారి ఈ ప్రాంతమున కనీసము రెండువేల రెండువందల ఏండ్ల క్రిందటనే ఉన్నాడనుటకు ఇది ప్రమాణము. భూమి కొలతయు ప్రజాపాలనమును ఒకే చేతిలో ఉండుట కూడ అప్పటినుండియే కనబడుచున్నది.

పిమ్మటి శతాబ్దులలో ఈ దిక్కున సంఖ్యాంకితమైన విభాగములు కానవచ్చును. నొళంబవాడి 32000, సిందవాడి 1000 మున్నగునవి అట్టివి. ఈ సంఖ్యలు గ్రామములను తెలుపునా, ఆదాయమును తెలుపునా అను విషయమున చరిత్రకారులలో భిన్నాభిప్రాయములు కలవు. వజ్రకరూరు మండలములోని కొనకొండ్ల ఆనాటి ప్రసిద్ధ జైనక్షేత్రము. జైనాచార్యుడైన కుందకుందుని పేరు ఈ ఊరి ప్రాచీననామమైన కొండకుందె నుండి వచ్చినదని పెక్కురు భావించుచున్నారు. అచ్చటి గుట్టపై తీర్థంకర ప్రతిమలును, కన్నడ శాసనములును ఉన్నవి. తెలుగు కన్నడములు రెండును పెనవేసికొనిన సీమ యిది. గడేహోతూరు, ఛాయాపురము, రాగులపాడు అను ఊళ్ల పేర్లను వరుసగా చదివినను ఆ సంగమము తెలియును.

విజయనగర కాలమున రాజ్యము, సీమ, నాడు, స్థలము అను విభాగములు ప్రచారములోనికి వచ్చినవి. గుత్తి దుర్గము ఆ కాలమున ఒక సీమకు కేంద్రము. దుర్గమున్నచోటనే పాలనాకేంద్రము ఉండుట నాటి రీతి. గుత్తికి తరువాతి కాలమున తాలూకా కేంద్రత్వము దక్కుటకు ఈ పూర్వవైభవమే కారణమని చెప్పవచ్చును.

దశబంధము : కర్తవ్యమును కోశమును ఒకటిగా కట్టిన పద్ధతి

రాయలసీమ చరిత్రలో దశబంధమను మాటకు ప్రత్యేకస్థానము కలదు. చెరువును త్రవ్వించినవానికి గాని, శిథిలమైన చెరువును ఉద్ధరించినవానికి గాని ఆ చెరువు క్రింది భూమిలో కొంతభాగమును మాన్యముగా నిచ్చుట దశబంధము. దానికి ప్రతిగా ఆ మాన్యదారు ఏటేటా కట్టను, తూమును, అలుగును కాపాడుచుండవలెను. చెరువు నిండినచో మాన్యము పండును. చెరువు తెగినచో మాన్యము ఎండును. కావున రక్షకుని స్వార్థమును ఊరి క్షేమమును ఒక్కటే యైనవి. ఎట్టి అధికారియు వచ్చి తనిఖీ చేయవలసిన పనిలేని ఏర్పాటు ఇది.

గ్రామములోని రెడ్డి, కరణము, తలారి, నీరుగట్టి మొదలైన ఆయగాండ్రకు కూడ ఇట్లే పంటలో మేరలును, మాన్యములును ఉండెడివి. దత్తమండలముల ప్రధాన కలెక్టరైన థామస్ మన్రో 1806లో వ్రాసిన నివేదికలో ఇచ్చటి గ్రామమును ఒక చిన్న గణరాజ్యముతో పోల్చుటకు ఈ ఆయగాండ్ర వ్యవస్థయే ఆధారము. అయితే దశబంధమునందు లోపము లేకపోలేదు. మాన్యదారు వంశము చీలిపోయినప్పుడు భూమి పంచబడినది కాని బాధ్యత పంచబడలేదు. 1858లో ఇనాము కమీషను ఏర్పడి మాన్యములను విచారించి పట్టాలిచ్చుట మొదలైన పిమ్మట భూమి ఒక లెక్కలోను, చెరువు మరియొక లెక్కలోను చేరుట కవకాశ మేర్పడినది. అదే యేట వచ్చిన మద్రాసు నిర్బంధ శ్రమ చట్టము, చెరువు కట్టలు తెగు సమయమున రైతులు శ్రమదానము చేయుటను శాసనబద్ధము చేయవలసివచ్చినది. వాడుకగా జరుగుచున్న పనికి చట్టము కావలసివచ్చెననగా ఆ వాడుక సడలినదని అర్థము.

తాలూకా, ఫిర్కా

1776లో హైదరాలీ మురారిరావు ఘోర్పడే నుండి గుత్తిని వశపరచుకొనెను. టిప్పు పతనానంతరము ఈ ప్రాంతము నిజాము పాలబడి, 1800లో కుంపిణీవారికి దత్తము చేయబడినది. అందుచేతనే ఈ జిల్లాలకు దత్తమండలములని పేరు వచ్చినది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు దానికి మారుగా వచ్చినది. దత్తమండలములు 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విభక్తమైనవి. గుత్తి బళ్లారి జిల్లాలో చేరినది. 1882లో బళ్లారి నుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచినప్పుడు గుత్తి తాలూకా క్రొత్త జిల్లాకు వచ్చినది.

ఈ కాలపు మాటల వ్యుత్పత్తి పరిశీలింపదగినది. తాలూకా యనునది సంబంధమని అర్థమిచ్చు అరబ్బీ పదమునుండి వచ్చినది. ఫిర్కా యనగా సమూహము లేక భాగము. తహశీలు అనగా వసూలు. వసూలు చేయువాడు తహశీల్దారు. ఈ మాటలన్నియు శిస్తుకు సంబంధించినవే. ప్రజలు కూడి ఆలోచించుట అను భావము వీనిలో నొకదానియందును లేదు. తాలూకా ముఖ్యముగా పన్ను రాబట్టుటకు గీచిన గీత. ఆ గీతపైననే తరువాత స్వపరిపాలనము నిలుపవలసివచ్చుట ఆ సంస్థ బలహీనతలలో మొదటిది.

తాలూకా బోర్డు

1871లో మద్రాసు స్థానిక నిధుల చట్టము వచ్చినది. రోడ్లు, పాఠశాలలు, వైద్యశాలలు, పారిశుద్ధ్యము అను పనులకై భూమిశిస్తుపై సెస్సు వేయుటకు అది వీలు కల్పించినది. అటుపై 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను పీల్చి పిప్పి చేసినది. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానమును, అనంతపురము జిల్లా పుట్టుకయు ఒకే సంవత్సరమున జరిగినవి. ఆ తీర్మానము ననుసరించి వచ్చిన 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టముచే జిల్లాకు జిల్లా బోర్డు, నడుమ తాలూకా బోర్డు, పెద్ద గ్రామములకు యూనియను అను మూడంచెలు ఏర్పడినవి.

పేరు తాలూకా బోర్డే యైనను మొదట సాధారణముగా ఒక రెవెన్యూ డివిజను అంతటికి ఒక బోర్డుండెడిది. డివిజను అధికారియే దానికి అధ్యక్షుడు. సభ్యులలో పెక్కురు నియమితులు. కాలక్రమమున తాలూకాకు ఒక బోర్డు చొప్పున పెరిగి, 1920 నాటి చట్టముతో ఎన్నికైన సభ్యుల ప్రాబల్యము వచ్చినది. చిన్న రోడ్లు, ప్రాథమిక పాఠశాలలు, వైద్యశాలలు, సత్రములు, సంతలు, మంచినీటి బావులు, మశూచి టీకాలు దాని బాధ్యతలు. బోర్డు బడి, బోర్డు రోడ్డు అను మాటలు పల్లెలలో వాడుకలోనికి వచ్చినవి.

అయితే సాగునీటి చెరువులు బోర్డు చేతికి రాలేదు. అవి రెవెన్యూ, పబ్లిక్ వర్క్సు శాఖల క్రిందనే ఉండిపోయినవి. త్రాగు నీటికి బోర్డును, పారు నీటికి తహశీల్దారును ఆశ్రయింపవలసివచ్చినది. ఒకే ఊరి నీరు రెండు కచ్చేరీల పాలైనది.

కోశము సంగతి మరింత కష్టము. బోర్డుకు ముఖ్యాదాయము భూమిశిస్తుపై సెస్సు. డెల్టా తాలూకాలలో మాగాణి విస్తారము, శిస్తు హెచ్చు, కావున సెస్సు కూడ హెచ్చు. గుత్తి వంటి మెట్ట తాలూకాలో ఎకరమునకు శిస్తు స్వల్పము. సెస్సు అంతకంటె స్వల్పము. వ్యయము మాత్రము విపరీతము. ఊరికి ఊరికి దూరమెక్కువ గనుక రోడ్లు పొడవు. నీరు లోతు గనుక బావుల ఖర్చు అధికము. కరవు వచ్చి శిస్తు నిలిచిన యేడే బోర్డుతో పని హెచ్చు. ఆ యేడే దాని పెట్టె ఖాళీ. ధనము అత్యవసరమైనప్పుడు అడుగంటుట ఈ కోశమునకు పుట్టుకతో వచ్చిన లక్షణము.

వజ్రకరూరు పేరులోనే వజ్రమున్నది గదా యని ఇచ్చట సందేహము కలుగవచ్చును. 1881లో ఇచ్చట 67 క్యారెట్లకు పైబడిన వజ్రము దొరకినట్లు గెజిటీరులలో నున్నది. వజ్రములకు మాతృకయగు కింబర్లైటు శిలకు ఈ ప్రాంతము ప్రసిద్ధి. తొలకరి వానలకు నేల కడిగిన పిమ్మట రాళ్లను వెదకుట నేటికిని కలదు. కాని స్థానిక సంస్థ కోశమునకు ఆధారము భూమిపై శిస్తే కాని భూగర్భము కాదు. నేల అడుగున ప్రసిద్ధియు, నేలపైన పేదరికమును కలిసియుండుట ఈ ఊరి విశేషము.

1931లో మోటారు వాహనముల పన్ను చట్టముతో టోలుగేట్లు ఎత్తివేయబడినవి. బోర్డుల చేతిలోనున్న మరియొక స్వతంత్రాదాయము పోయి, దాని బదులు ప్రభుత్వమిచ్చు పరిహారమునకై ఎదురుచూడవలసివచ్చినది. ఆర్థికమాంద్యము కూడ అప్పుడే తోడైనది. 1934లో మద్రాసు రాజధానిలో తాలూకా బోర్డులు రద్దయినవి. వాని బాధ్యతలు జిల్లా బోర్డులకు సంక్రమించినవి. అర్ధశతాబ్ది జీవించిన నడిమి సంస్థ అస్తమించినది. తరువాతి పాతికేండ్లు గ్రామమునకును జిల్లా కేంద్రమునకును నడుమ ప్రజాప్రతినిధుల సభ యేదియు లేకపోయినది.

పంచాయతీ సమితి

1952లో సమాజ వికాస పథకము ప్రారంభమై బ్లాకు అను విభాగము వచ్చినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము, ప్రజల సంస్థ లేని అభివృద్ధి నిలువదని భావించి మూడంచెల వ్యవస్థను సూచించినది. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చినది. రాజస్థానము తరువాత ఈ వ్యవస్థను అమలు జరిపినది మన రాష్ట్రమే.

సమితి యను పేరు వైదికము. సమ్ పూర్వకమైన ఇణ్ ధాతువుపై క్తిన్ ప్రత్యయము చేరగా ఏర్పడిన ఈ పదమునకు కూడివచ్చుట యని అర్థము. అథర్వవేదమున సభయు సమితియు ప్రజాపతి దుహితలుగా కీర్తింపబడినవి. పరిషత్తు అనగా చుట్టును కూర్చుండునది. తాలూకా, తహశీలు అను వసూలు మాటల స్థానమున కూడుట, కూర్చుండుట అను మాటలు వచ్చుట కేవలము భాషలోని మార్పు కాదు, ఆశయములోని మార్పు.

సర్పంచులు సమితిలో సభ్యులు. వారిచే ఎన్నుకొనబడిన అధ్యక్షుడు, ప్రభుత్వోద్యోగియైన బ్లాకు అభివృద్ధి అధికారి దానిని నడపెడివారు. ప్రాథమిక పాఠశాలలు, వ్యవసాయ విస్తరణ, పశువైద్యము, మంచినీటి బావులు, చిన్ననీటివనరుల మరమ్మతులు సమితికి వచ్చినవి. త్రాగు నీరును పారు నీరును కొంతమేరకైనను తిరిగి ఒకే సంస్థ చేతికి వచ్చుట సమితి కాలపు ముఖ్యఫలము. సమితి బడిలో చదివినవారు, సమితి త్రవ్వించిన బావి నీరు త్రాగినవారు ఈ సీమలో లెక్కకు మిక్కిలి.

లోపములు కూడ గట్టివే. సొంత ఆదాయము కొద్ది, ప్రభుత్వ నిధులు హెచ్చు. నిధితో పాటు పథకము కూడ పైనుండియే వచ్చెడిది. 1970 తరువాత 1981 వరకు పంచాయతీ ఎన్నికలు జరుగలేదు. కూడివచ్చుట యను అర్థముగల సంస్థలో కూడువారిని ఎన్నుకొనకుండ ఏండ్లు గడచినవి. రాష్ట్రమునందున్న 330 సమితులు విస్తీర్ణమున పెద్దవి. మారుమూల పల్లెవానికి సమితి కచ్చేరి ఒక రోజు ప్రయాణము.

మండలము

1984లో గ్రామాధికారుల వంశపారంపర్యపు వ్యవస్థ రద్దయినది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు తొలగి రెవెన్యూ మండలములు ఏర్పడినవి. 1986 నాటి చట్టముచే సమితుల స్థానమున మండల ప్రజా పరిషత్తులు వచ్చి, 1987లో వానికి ఎన్నికలు జరిగినవి. రాష్ట్రమున 1104 మండలములు, అనంతపురము జిల్లాలో 63 ఏర్పడినవి. వజ్రకరూరు మండలకేంద్రమైనది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడివడినప్పుడు ఇది అనంతపురము జిల్లాలోనే నిలిచినది.

రాజ్యవృత్తమును తెలుపు మండలశబ్దము కౌటిల్యునకు ప్రియమైనది. దత్తమండలములను పేరులో కూడ అదియే వినబడినది. ఇప్పుడది ఇరువది ముప్పది గ్రామముల వలయమునకు చిరునామ యైనది. కచ్చేరి దగ్గరయినది; గ్రామీణుడు ఉదయము వెళ్లి మధ్యాహ్నమునకు తిరిగిరాగలిగినాడు. ఈ మేలు సామాన్యము కాదు. కాని సగటున ఒక సమితి మూడుకు పైగా మండలములైనప్పుడు కర్తవ్యమును కోశమును కూడ ముక్కలైనవి. ఆ దశకపు చివరనే మెట్టభూములపై శిస్తు తొలగి నీటితీరువా చట్టము వచ్చినది. మెట్టరైతునకు అది గొప్ప ఊరట. అయితే 1871 నుండి స్థానిక సంస్థలకు మూలాధారమైన సెస్సునకు మెట్టసీమలో ఆధారము కూడ దానితో కరగిపోయినది.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము వచ్చి మూడంచెలకును స్థిరత్వము కలిగినది. 1997 నాటి రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టముతో చెరువుల నిర్వహణము నీటివినియోగదారుల సంఘములకు పోయినది. 2015 నుండి 2020 వరకు పదునాలుగవ ఆర్థికసంఘపు నిధులు గ్రామ పంచాయతీలకే చెందినవి. మండల పరిషత్తునకు, జిల్లా పరిషత్తునకు అందులో భాగము లేదు. పదునైదవ సంఘము తిరిగి మూడంచెలకును పంచినది. 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. నడిమి సంస్థ నిలిచియే యున్నది. కాని చెరువు ఒకరిది, బడి ఒకరిది, బావి ఒకరిది, నిధి వేరొకరిది యైనది.

ఫలితార్థము

పై చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, నడిమి విభాగము లేకుండ ఈ సీమ పాలన జరిగిన కాలము స్వల్పము. రద్దయిన ప్రతిసారియు అది మరియొక పేరుతో పుట్టినది. కావున దాని యావశ్యకత చర్చింపవలసిన పనిలేదు. రెండవది, విభాగము పెద్దదా చిన్నదా అనుటకంటె దానికి సొంత ఆదాయమున్నదా అనుటయే ప్రధానము. సర్వారంభములకును కోశమే మూలమని కౌటిల్యుడు చెప్పిన మాటకు తాలూకా బోర్డు అంతమే నిదర్శనము. భూమి ఆదాయముపైననే ఆధారపడిన కోశము కరవుసీమకు పనికిరాదు. వాన లేని యేట కూడ చేతికి వచ్చు నిధి చట్టముచే నిర్ణీతమై యుండవలెను. మూడవది, నీటి బాధ్యత ఎన్ని చేతులలో పడిన అంత చెడినది. దశబంధమును మరల తెచ్చుట సాధ్యము కాదు, యుక్తమును కాదు. కాని ఫలము పొందువాడే రక్షించు ఏర్పాటు అను దాని సూత్రము నేటికిని గ్రాహ్యమే.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. ఒక సంస్థ రద్దయినప్పుడు దాని ఆస్తికి వారసులు దొరకుదురు కాని దాని కాగితములకు దొరకరు. బావి ఒరలపైనను, బడి గోడలపైనను, సత్రపు గడపలపైనను బోర్డు పేరు, సమితి పేరు చెక్కిన రాళ్లు ఈ సీమలో ఇంకను కానవచ్చును. పూర్వశాసనములకు అచ్చులు తీసినంత శ్రద్ధతో వీనికిని అచ్చులు తీయవలెను. సమావేశముల తీర్మానపుస్తకములను మండల కచ్చేరీల అటుకలపైనుండి దింపి ప్రతులు వ్రాయవలెను. ఎర్రగుడి శిల రజ్జుకుని పేరు మనకు నిలిపినది. ఏ కరవు యేట ఏ బావికి ఎంత సొమ్ము మంజూరైనదో తెలుపు ఈ పుస్తకములు కూడ చెదలపాలైనచో, నిన్నటి సమితి చరిత్ర నాటి రజ్జుకుని చరిత్రకంటె అస్పష్టమగును.